డార్మీ అనేది లెక్క, భరోసా కాదు

1980ల మధ్యలో అనంతపురం జిల్లాలో వరసగా వానలు తప్పిన రోజుల్లో, శెనక్కాయ విత్తనానికి చేసిన అప్పు కూడా పంటతో తీరని ఒక ఏడాది, 19 ఏళ్ళ వయసులో నేను బెంగళూరు బస్సెక్కాను. మా పల్లెవాడే అయిన ఒక అన్న అక్కడొక గోల్ఫ్ క్లబ్బులో క్యాడీగా ఉండేవాడు. "సంచి మొయ్యడమే కదప్పా, సేద్యం చేసినోనివి, నీకేం కష్టం" అని నన్ను తీసుకెళ్ళి చేర్పించాడు. రెండేళ్ళు ఆ సంచులు మోసి, తిరిగొచ్చి, చదువు పూర్తిచేసి లెక్కల మాస్టారునయ్యాను. ఆ రెండేళ్ళలో చెవిన పడిన మాటల్లో చాలావాటిని మరిచిపోయాను గానీ ఒక్క మాట మాత్రం నన్ను వదలలేదు, నేనూ దాన్ని వదలలేదు. గోల్ఫ్ స్కోరులో ఒక స్థితికి పేరైన ఆ మాట 'డార్మీ'.

2019 జనవరి 1న అమల్లోకి వచ్చిన గోల్ఫ్ నియమావళిలో ఈ మాట లేదు. అంతకు ముందరి పుస్తకంలో దానికి నిర్వచనం ఉండేది. దాన్ని తీసివేయడం పొరపాటని నా అభిప్రాయం. అంతకంటే పెద్ద పొరపాటు, పుస్తకంలో ఉన్నప్పుడూ లేనప్పుడూ కూడా జనం దాన్ని మరో అర్థంలో వాడుతూ రావడం. ఈ రెండింటి గురించీ ఓపికగా చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

గోల్ఫ్ తెలియనివారి కోసం కాస్త వెనక్కి వెళ్ళాలి. ఈ ఆటను ప్రధానంగా రెండు విధాలుగా ఆడతారు. టీవీలో ఎక్కువగా కనిపించేది స్ట్రోక్ ప్లే. అందులో 18 హోల్స్‌లోనూ (హోల్ అంటే మొదలుపెట్టిన చోటి నుంచి బంతిని గుంతలో వేసేదాకా సాగే ఒక విడత) కొట్టిన దెబ్బలన్నీ కూడి, తక్కువ దెబ్బలతో ముగించినవారిని విజేతగా ప్రకటిస్తారు కాబట్టి, ఒక హోల్‌లో బంతి నీళ్ళలో పడి పది దెబ్బలైతే ఆ పదీ చివరిదాకా వెంటాడతాయి. మ్యాచ్ ప్లే అలా కాదు. ఇద్దరు ఎదురెదురుగా ఆడతారు, ఒక్కో హోల్ ఒక్కో విడి పోటీ, దాన్ని తక్కువ దెబ్బల్లో ముగించినవాడికి ఆ హోల్ దక్కుతుంది. ఒక్క దెబ్బ తేడాతో ఓడినా ఆరు దెబ్బల తేడాతో ఓడినా పోయేది ఒక్క హోలే; ఇద్దరూ సమానంగా ముగిస్తే అది ఎవరికీ చెందదు. చిన్నప్పుడు గుంత తవ్వి గోలీలాడినవాళ్ళకు ఇది కొత్తగా అనిపించదు. ఒక ఆటలో పోగొట్టుకున్నది ఆ ఆటతోనే పోయేది, తర్వాతి ఆట మళ్ళీ మొదటినుంచి మొదలయ్యేది. అమెరికాలోని పీజీఏ చాంపియన్‌షిప్ కూడా 1957 వరకు మ్యాచ్ ప్లేగానే జరిగింది. ఇప్పుడు ఈ పద్ధతి రైడర్ కప్, ప్రెసిడెంట్స్ కప్, సోల్‌హైమ్ కప్ వంటి జట్టు పోటీల్లోనూ, పెద్ద అమెచ్యూర్ చాంపియన్‌షిప్‌లలోనూ, క్లబ్బుల నాకౌట్ పోటీల్లోనూ బతికి ఉంది.

మ్యాచ్ ప్లేలో స్కోరును దెబ్బల్లో చెప్పరు. ఎవరు ఎన్ని హోల్స్ ముందున్నారు, ఇంకా ఎన్ని హోల్స్ మిగిలాయి అనే రెండు అంకెల్లోనే చెబుతారు. 'త్రీ అప్, ఫైవ్ టు ప్లే' అంటే 3 హోల్స్ ఆధిక్యం, ఆడవలసినవి ఇంకా 5. ఆధిక్యం మిగిలిన హోల్స్ కంటే ఎక్కువైన క్షణాన మ్యాచ్ ముగుస్తుంది, ఆ తర్వాతి హోల్స్ ఆడనవసరం లేదు. అందుకే ఫలితాన్ని కూడా '3 అండ్ 2' అని ఆ రెండు అంకెల్లోనే రాస్తారు. 3 హోల్స్ ముందున్నాడు, 2 మాత్రమే మిగిలాయి, ఇక అందుకోవడం అసాధ్యం అని దాని అర్థం. ఆధిక్యం మిగిలినవాటి కంటే తక్కువగా ఉన్నంతవరకు ఆట మామూలుగా సాగుతుంది. ఈ రెండింటికీ నడుమ, ఆధిక్యమూ మిగిలిన హోల్సూ సరిగ్గా సమానమైన ఒక స్థితి ఉంది. ముందున్నవాడు అప్పుడు డార్మీ. 2 హోల్స్ ముందుండి 2 మిగిలితే 'డార్మీ 2', 4 ముందుండి 4 మిగిలితే 'డార్మీ 4'.

బడిలో నల్లబల్ల మీద ఎక్కువ, తక్కువ, సమానం గుర్తులు నేర్పేటప్పుడు నేను ఈ ఉదాహరణనే చాలా ఏళ్ళు వాడాను. సమానం గుర్తుకు ఇంతటి ప్రాణం ఉన్న చోటు ఇంకొకటి నాకు దొరకలేదు. 2006లో కాలిఫోర్నియాలోని లా కోస్టాలో జరిగిన ప్రపంచ మ్యాచ్ ప్లే పోటీ మొదటి రౌండులో టైగర్ వుడ్స్ కెనడా ఆటగాడు స్టీఫెన్ ఏమ్స్ మీద మొదటి 9 హోల్స్‌నూ వరసగా గెలిచాడు. 9 ముందున్నాడు, 9 మిగిలాయి, అంటే డార్మీ 9. పదో హోల్ సమానమైంది; మిగిలినవి 8కి తగ్గాయి, ఆధిక్యం 9 గానే నిలిచింది, మ్యాచ్ '9 అండ్ 8'తో ముగిసింది. డార్మీలో ఉన్నవాడు ఇక ఒక్క హోల్ కూడా గెలవనక్కరలేదని, ఒక్కదాన్ని సమానం చేసుకుంటే చాలునని ఇంతకంటే స్పష్టంగా చూపే మ్యాచ్ లేదు. అదే సమయంలో వెనుకబడినవాడు మిగిలిన ప్రతి హోల్‌నూ గెలిచి తీరాలి, సమానం కూడా అతనికి ఓటమే. ఒకే హోల్‌ను ఇద్దరూ ఆడుతున్నా వారిద్దరికీ అది ఒకే హోల్ కాదు.

నేను ఆ మాట అర్థాన్ని పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. క్లబ్బు నాకౌట్ పోటీ సెమీఫైనల్లో, సైన్యంలో పనిచేసి విరమించిన ఒక పెద్దాయన సంచి మోస్తున్నాను. 15 హోల్స్ అయ్యేసరికి ఆయన 3 ముందున్నారు. 16వ టీ (హోల్ ఆట మొదలుపెట్టే చోటు) దగ్గర అవతలి క్యాడీకి వినబడేలా "మేం డార్మీ, గెలిచేసినాం" అన్నాను. ఆయన విన్నారు గానీ ఏమీ అనలేదు. ఆ హోల్‌లో ప్రత్యర్థి గ్రీన్ (గుంత చుట్టూ ఉండే నున్నటి పచ్చిక) అంచు నుంచి కొట్టిన పొడవైన పట్ దొర్లుకుంటూ వెళ్ళి లోపల పడింది. 17వది చిన్న హోల్. మా బంతి ఇసుక గుంటలో పడి, అందులోంచి బయటికి రావడానికే రెండు దెబ్బలు పట్టింది. ఇక 18వ హోల్‌లో ఇద్దరూ ఐదేసి దెబ్బలతో ముగించారు. అది చాలదా అనుకుంటారు. చాలలేదు. ప్రత్యర్థి హ్యాండిక్యాప్ (బలహీన ఆటగాడికి ఇచ్చే దెబ్బల మినహాయింపు) ఎక్కువ కాబట్టి కష్టమైన హోల్స్‌లో ఆయనకు ఒక్కో దెబ్బ మినహాయింపు ఉంది, 18వది అలాంటి హోల్. లెక్కలో ఆయనవి 4, మావి 5. మూడు హోల్స్ పోయాయి, మ్యాచ్ సమానమైంది. నాకౌట్ కాబట్టి సమానంగా వదిలేయరు. మొదటి హోల్‌కు తిరిగి వెళ్ళి, దాన్నే 19వ హోల్‌గా లెక్కించి ఆడారు. అక్కడ మేం ఓడిపోయాం.

సంచి అప్పగించేటప్పుడు నా మొహం చూసి ఆయన స్కోరు కార్డు వెనక పెన్సిల్‌తో గీతలు గీసి చూపించారు. మా అనంతపురంవాళ్ళకు కన్నడం బాగానే అర్థమవుతుంది కాబట్టి కన్నడంలోనే చెప్పారు: నువ్వు చెప్పిన లెక్క సరైనదే, దానికి చెప్పిన అర్థం తప్పు, ఇది నాకౌట్ పోటీ, పైగా 18వ హోల్‌లో అవతలివాడికి దెబ్బ ఇవ్వాలని నువ్వు చూసుకోలేదు. కోపం లేకుండా చెప్పిన ఆ మాట నాకు తిట్టుకంటే ఎక్కువగా తగిలింది. ఆ రోజు ఆయన ఇచ్చిన కూలిలో ఒక్క రూపాయి కూడా తగ్గలేదు.

అప్పటినుంచి ఈ మాటను ఎవరు ఎలా వాడుతున్నారో గమనిస్తూ వచ్చాను. ఓడిపోతున్నవాణ్ణి 'డార్మీ' అనేవాళ్ళున్నారు. ఇప్పుడు బెంగళూరులో క్యాడీగా పనిచేస్తున్న మా మేనల్లుడు కూడా మొదట్లో ఫోన్ చేసి "వాడు డార్మీ అయిపోయినాడు మామా, ఇంక లేవడు" అనేవాడు. ఇది సులభంగా తేలే తప్పు. పాత నియమావళి నిర్వచనం ప్రకారం మిగిలినన్ని హోల్స్ ముందున్న పక్షమే డార్మీ. మాట ముందున్నవాడిది, వెనుకబడినవాడికి దాన్ని అంటగట్టడం కుదరదు. ఇక రెండో తప్పు నేను 16వ టీ దగ్గర చేసినదే, డార్మీ అంటే గెలిచినట్టే అనుకోవడం. చాలాకాలం కిందట ఒక తెలుగు వార్తలో ఈ స్థితిని 'విజయం ఖాయం చేసుకున్న దశ' అని రాశారు. అదే వార్త చివరి వాక్యంలో ఆ మ్యాచ్ సమానంగా ముగిసిందని ఉంది. రాసినవారు గానీ దిద్దినవారు గానీ ఆ రెండు వాక్యాలూ ఒకదానితో ఒకటి పొసగవని గమనించలేదు. గోల్ఫ్ మనవాళ్ళకు దూరమైన ఆట కాబట్టి ఎలా రాసినా అడిగేవారు లేరన్న నిర్లక్ష్యం అందులో నాకు కనిపించింది, అది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

మూడో తప్పు చాలా సూక్ష్మమైనది, తెలిసినవాళ్ళు చేసేది కూడా అదే. డార్మీ అంటే 'ఇక ఓడిపోలేని స్థితి' అని చెబుతారు. చాలా నిఘంటువులు చెప్పే అర్థానికి ఇది దగ్గరగానే ఉంటుంది, వినడానికి సరిగ్గానే ఉంటుంది, కానీ అది పోటీని బట్టి నిజమవుతుంది, పోటీని బట్టి అబద్ధమవుతుంది. సమానాన్ని ఒక ఫలితంగా ఒప్పుకునే పోటీలో, అంటే 18 హోల్స్ తర్వాత మ్యాచ్ సమానమైతే చెరి సగం పాయింటు పంచుకునే రైడర్ కప్ వంటి చోట, డార్మీలో ఉన్నవాడు నిజంగానే ఓడిపోలేడు. నాకౌట్‌లో ఓడిపోగలడు, నేను కళ్ళారా చూశాను. అక్కడ డార్మీ ఇచ్చేది ఒక్కటే: 18 హోల్స్ లోపల ఓటమి లేదు, అంతకు మించి హామీ లేదు. కాబట్టి ఈ మాటకు సరైన అర్థం ఆధిక్యం మిగిలినదానికి సమానం కావడం మాత్రమే. దాని వల్ల ఏం దక్కుతుందన్నది ఆ పోటీ నియమం చెప్పాలి, మాట చెప్పదు. పాత నియమావళి నిర్వచనం గొప్పతనం అక్కడే ఉందని నేననుకుంటాను. అది 'ఓడిపోలేని' అనలేదు, 'గెలవబోయే' అనలేదు, రెండు అంకెలు సమానమని మాత్రమే చెప్పి ఊరుకుంది.

అమెరికా, యూరప్ జట్లు తలపడే రైడర్ కప్‌లో 1991 నాటిదాన్ని తీసుకుందాం. అమెరికాలోని కియావా ఐలండ్‌లో చివరి రోజు సింగిల్స్‌లో అమెరికా ఆటగాడు మార్క్ కాల్కవెకియా, స్కాట్లండ్ ఆటగాడు కోలిన్ మాంట్‌గోమరీ మీద 4 హోల్స్ ముందున్నాడు, 4 మిగిలాయి. డార్మీ 4. ఆ నాలుగింటిలో ఒక్కదాన్ని సమానం చేసినా మ్యాచ్ అతనిదే. నాలుగూ ఓడిపోయాడు. 17వ హోల్‌లో మాంట్‌గోమరీ బంతి ముందుగా నీళ్ళలో పడింది, అవకాశం చేతికే వచ్చింది, కానీ కాల్కవెకియా బంతి కూడా నీళ్ళలోకే వెళ్ళింది, ఆ తర్వాత అతిదగ్గరి పట్ కూడా తప్పింది. చివరకు మ్యాచ్ సమానమైంది, చెరి సగం పాయింటు. జట్టు కప్పును తానే పోగొట్టానని అతను కుమిలిపోయాడు. అయితే ఆ రోజు సాయంత్రం హేల్ ఇర్విన్ మీద ఆడుతున్న యూరప్ ఆటగాడు బెర్న్‌హార్డ్ లాంగర్ చివరి గ్రీన్ మీద సుమారు 6 అడుగుల పట్ తప్పడంతో అమెరికా 14½–13½ తేడాతో గెలిచింది.

ఆ అంకెలను ఒక లెక్కల మాస్టారు చూసినట్టు చూడండి. మొత్తం 28 పాయింట్లు. కాల్కవెకియా ఆ సగం కూడా పోగొట్టుకుని ఉంటే స్కోరు 14–14 అయ్యేది. 1989లో కప్పు సమానమై యూరప్ దగ్గరే ఉంది కాబట్టి, ఇక్కడ కూడా సమానమైతే అది యూరప్ దగ్గరే నిలిచిపోయేది. అంటే నాలుగు హోల్స్ వరసగా ఓడినా అతని దగ్గర మిగిలిన ఆ సగం పాయింటు, అంతకు ముందే డార్మీ దాకా వెళ్ళడం వల్ల భద్రమైన ఆ సగం పాయింటు, కప్పు ఏ ఖండంలో ఉండాలో తేల్చిన లెక్కలో ఉంది. ఆ మ్యాచ్‌ను ఎప్పుడూ ఘోరమైన పతనంగానే చెప్పుకుంటారు, అది నిజమే; కానీ డార్మీ 4 గాక '3 అప్, 4 టు ప్లే' దగ్గర అదే పతనం మొదలై ఉంటే కథ వేరుగా ముగిసేది. మాటను జాగ్రత్తగా వాడితే ఈ తేడా కనబడుతుంది. 'బాగా ముందున్నాడు' అని రాస్తే కనబడదు.

'బాగా ముందున్నాడు' అన్న మాట ఎంత మోసకారిదో 1996 అమెరికా అమెచ్యూర్ ఫైనల్ చూపిస్తుంది. 36 హోల్స్ ఫైనల్లో స్టీవ్ స్కాట్ 3 హోల్స్ మిగిలి ఉండగా టైగర్ వుడ్స్ మీద 2 ముందున్నాడు. డార్మీకి ఒక్క మెట్టు దూరం. 34వ హోల్ గ్రీన్ మీద వుడ్స్, స్కాట్ దారికి అడ్డు రాకుండా జరిపిన తన బంతి గుర్తును తిరిగి పాతచోట పెట్టడం మరిచి పట్ కొట్టబోతుంటే, స్కాట్ స్వయంగా గుర్తుచేశాడు. వుడ్స్ అలాగే కొట్టి ఉంటే నియమం ప్రకారం ఆ హోల్ స్కాట్‌దయ్యేది, 3 ముందుండి 2 మిగిలేవి, మ్యాచ్ అక్కడే ముగిసేది. వుడ్స్ ఆ పట్ వేశాడు, తర్వాతి హోల్ కూడా గెలిచి సమానం చేశాడు, చివరకు 38వ హోల్‌లో మ్యాచ్ గెలిచాడు. స్కాట్ ఆ ఫైనల్ చివర్లో డార్మీ కాలేదు. ఆ ఒక్క మెట్టే చాలా పెద్దది. స్కాట్ చేసిన పనిని మాత్రం నేను ఏ గెలుపు కంటే తక్కువగా చూడలేను.

ఈ స్థితి గోల్ఫ్‌కు మాత్రమే చెందినదనీ అనుకోను. 1987లో సెవిల్‌లో జరిగిన ప్రపంచ చదరంగ పోటీలో 24 ఆటలకు గాను 23 అయ్యేసరికి కార్పోవ్ 12–11తో ముందున్నాడు. ఒక పాయింటు ఆధిక్యం, ఒక ఆట మిగిలింది. మన మాటలో డార్మీ 1. చివరి ఆట కాస్పరోవ్ గెలిచి 12–12 చేశాడు. సమానమైతే పట్టం పాత విజేతదే అన్న నియమం వల్ల కాస్పరోవ్ విజేతగా మిగిలాడు. కార్పోవ్‌కు 'ఓడిపోలేని స్థితి' అన్న వర్ణన అక్కడ ఏమాత్రం అతకదు, కానీ డార్మీ నిర్వచనం అతుకుతుంది. మూడు పోటీలు, మూడు నియమాలు: ఒకచోట సమానమైతే సగం, ఒకచోట అదనపు హోల్స్, ఒకచోట ప్రత్యర్థికి పట్టం. లెక్క ఒకటే.

మన క్రికెట్ పాఠకులకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. 2021లో ఇంగ్లండ్‌లో 5 టెస్టుల సిరీస్‌లో భారత్ నాలుగు టెస్టుల తర్వాత 2–1తో ముందుంది. అయిదో టెస్టు కోవిడ్ భయంతో ఆగిపోయి, 2022 జూలైలో ఎడ్జ్‌బాస్టన్‌లో జరిగింది. ఆ ఏడాది పొడవునా అనంతపురం టీకొట్ల దగ్గర సిరీస్ మనదేనన్న మాటే విన్నాను. ఇంగ్లండ్ 378 పరుగులు ఛేదించి 7 వికెట్లతో గెలిచింది, సిరీస్ 2–2. మనం ఆ పది నెలలూ డార్మీ 1లో ఉన్నాం, అంతే. ఇక 1936–37 యాషెస్‌లో ఇంగ్లండ్ 2–0తో ముందుండి, 3 టెస్టులు మిగిలి ఉండగా, బ్రాడ్‌మన్ నాయకత్వంలోని ఆస్ట్రేలియా ఆ మూడూ గెలిచి 3–2తో సిరీస్ తీసుకుపోయింది; 2 ఆధిక్యానికి 3 మిగిలితే డార్మీ కాదని చెప్పడానికి దీనికంటే మంచి లెక్క దొరకదు. టెన్నిస్‌లో మాత్రం ఈ మాటకు చోటు లేదు. మా ఊళ్ళో నడాల్ ఫౌండేషన్ 2010లో పెట్టిన టెన్నిస్ బడి పక్కగా వెళ్ళినప్పుడల్లా ఈ సంగతి గుర్తొస్తుంది. ఆ ఆటలో ఇంకా ఎన్ని పాయింట్లు ఆడాలో ముందే తెలియదు, మిగిలినది ఎంతో తెలియనప్పుడు ఆధిక్యం దానికి సమానమని ఎలా అనగలం?

ఈ మాట పుట్టుక గురించి ఒక కథ ప్రచారంలో ఉంది. ఫ్రెంచిలో నిద్రించడం అన్న క్రియ నుంచి వచ్చిందని, ముందున్నవాడు ఇక గుండె మీద చెయ్యి వేసుకుని నిద్రపోవచ్చునని దాని భావమని చెబుతారు. స్కాట్లండ్ రాణి మేరీ దాకా ఆ కథను లాగేవారూ ఉన్నారు. రాణి కథకు ఆధారం లేదు. నాకు నచ్చనిది ఆ కథ కాదు, అది మాటకు అంటించే భావం. అనంతపురం రైతు శెనక్కాయ పీకి చేలో ఆరేసిన తర్వాత కూడా నిద్రపోడు. మొలకెత్తి పెరిగేటప్పుడు రాని వాన అప్పుడు వచ్చి కాయను నల్లబరచడం మేం ఎన్నోసార్లు చూశాం. పంట పండింది, ఇల్లు చేరలేదు. ఆ మధ్య రోజులకు మా భాషలో ఒక్క మాట ఉంటే బాగుండునని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

ఇక అంకె సంగతి. డార్మీ అని ఊరికే అంటే సగం మాటే అన్నట్టు. ఎంత అన్నది తప్పక చెప్పాలి. ఉదాహరణకు ప్రతి హోల్‌లోనూ గెలుపు, ఓటమి, సమానం మూడింటికీ ఒకే అవకాశం ఉందని అనుకుందాం. డార్మీ 1లో ఉన్నవాడు ఆ ఆధిక్యం మొత్తం పోగొట్టుకునే అవకాశం మూడింట ఒకటి, డార్మీ 2లో తొమ్మిదింట ఒకటి, డార్మీ 3లో 27లో ఒకటి, డార్మీ 4లో 81లో ఒకటి. ఒకే పేరు కింద ఇంత తేడా ఉన్న స్థితులున్నాయి. పైగా నిజమైన ఆటలో ఆ అవకాశాలు సమానంగా ఉండవు. వెనుకబడినవాడు పోయేదేమీ లేదని జెండాను గురిచూసి కొడతాడు, ముందున్నవాడు భద్రంగా ఆడబోయి బిగుసుకుపోతాడు. హ్యాండిక్యాప్ మ్యాచ్ అయితే మిగిలిన హోల్స్‌లో ఎవరికి దెబ్బ మినహాయింపు ఉందో కూడా చూడాలి. స్ట్రోక్ ఇండెక్స్, అంటే హోల్స్ కష్టాన్ని బట్టి వేసిన వరస, కార్డు మీదే అచ్చయి ఉంటుంది, నాలా చూడకుండా మాట్లాడకూడదు.

నియమావళిని 2019లో 34 నియమాల నుంచి 24కు కుదించినప్పుడు, సామాన్యులకు అర్థమయ్యే భాష కావాలని, సమానానికి వాడే 'ఆల్ స్క్వేర్', 'హాఫ్' వంటి పాత మాటలను వదిలి 'టై' అన్న ఒక్క మాటనే ఉంచారు. దాన్ని నేను తప్పుపట్టను. ఆ రెండు మాటలు చెప్పే పనిని 'టై' చక్కగా చేస్తుంది, కొత్తగా నేర్చుకునేవాడికి భారం తగ్గుతుంది. డార్మీ విషయంలో అలా జరగలేదు. దాని బదులు మరో మాట పెట్టలేదు, ఆ స్థితినే పేరు లేకుండా వదిలేశారు. ఆ మాట మీద ఏ నియమమూ ఆధారపడి లేదు, ఏ జరిమానా దానితో ముడిపడి లేదు, కాబట్టి నిర్వచనం అనవసరం అని వాదించవచ్చు. ఆ వాదనలో బలం ఉంది, ఒప్పుకుంటాను. కానీ నియమావళి ఆటగాళ్ళకు శిక్షలు చెప్పే పుస్తకం మాత్రమే కాదు, ఆ ఆట మాట్లాడే భాషకు కొలబద్ద కూడా. నిర్వచనం ఉన్నంతకాలం తప్పుగా వాడినవాడికి పుస్తకం తెరిచి చూపగలిగాం. ఇప్పుడు మా మేనల్లుడు "అందరూ అట్లనే అంటారు కదా మామా" అంటే చూపడానికి పాత పుస్తకం తప్ప నా దగ్గర ఏమీ లేదు.

సంపన్నుల క్లబ్బుల పరిభాషను మనం ఎందుకు మొయ్యాలని అడిగే మిత్రులున్నారు. ఆ సంచులను మోసింది మావాళ్ళే, మాటలనూ మోసింది మావాళ్ళే. అనంతపురం, హిందూపురం పల్లెల నుంచి వెళ్ళి ఆ పచ్చికల మీద నడిచిన మాబోటి కుర్రవాళ్ళు ఆ మాటను నోటిలెక్కగా నేర్చుకుని, సభ్యులకంటే ముందే స్కోరు చెప్పేవారు. అది ఇప్పుడు మా మాట కూడా. తెలుగులో రాసేవారు దాన్ని అనువదించబోయి 'గెలుపు ఖాయం' అనో 'ఓటమి లేదు' అనో రాయకుండా, డార్మీ అనే ఉంచి, పక్కన అంకె వేసి, సమానమైతే ఆ పోటీలో ఏమవుతుందో ఒక్క వాక్యంలో చెప్పాలని నా కోరిక. 'డార్మీ 2, నాకౌట్ కాబట్టి సమానమైతే అదనపు హోల్స్' అని రాయడానికి అరపంక్తి చాలు.

మేనల్లుడితో ఈ విషయం మీద నాలుగైదేళ్ళు వాదించాను. వాడు నామీద విసుక్కున్న రోజులున్నాయి, నేను బిగ్గరగా మాట్లాడిన రోజులూ ఉన్నాయి. పోయిన నెలలో వాళ్ళ క్లబ్బు పోటీ ముగిశాక వాడు ఫోనులో పంపిన సందేశం ఇది: "నాకౌట్. 16 తర్వాత మా సార్ డార్మీ 2. 18లో అవతలాయనకు స్ట్రోక్ ఉంది. 17 పోయింది. 18 స్ట్రోక్‌తో కలిపి టై. 1 అప్ గెలుపు." రెండుసార్లు చదివాను. అందులో దిద్దవలసింది ఏమీ కనిపించలేదు.